ఆమె మా పక్కింటామె కాదు

మా అత్తమ్మ చనిపోయి ఇవాళ్టికి ఇరవై రోజులు. ఆ పొద్దున నేను ఇంటి వెనక తొట్టి దగ్గర బీడీలు చుట్టే తునికాకు నానబెడుతున్నాను. ముందురోజు దవాఖాన మంచం మీద నుంచి ఆమే చెప్పింది, ఆకు ఎండిపోతే చేతిలో పొడి అయిపోతుంది, ఇంటికి పోయి నానబెట్టి రమ్మని. రెండు చేతులూ నీళ్లలో ఉండగా ఫోను మోగింది. మా ఆయన. "అవ్వ లేదే" అన్నాడు. నేను చేతులు తుడుచుకోకుండా అట్లనే నిలబడ్డాను. ఆకు కట్ట నీళ్లలో మెల్లగా మునిగింది.

మన కవితల సంచిక చదివే అక్కలలో చాలామంది ఆమెను చూశారు. ఎండాకాలం మొదట్లో గ్రంథాలయం పైగదిలో మన ఆడవాళ్ల కవితల సభ జరిగింది కదా. రెండో వరుసలో, ముదురు ఆకుపచ్చ చీరలో, చెప్పులు కుర్చీ కింద విడిచి కూర్చున్న పెద్దామె గుర్తుందా? ఆమె మా పక్కింటామె అని నేను మీకు చెప్పాను. మీరు నమ్మారు.

ఆమె మా పక్కింటామె కాదు. మా అత్తమ్మ. ఈ ఒక్క మాట చెప్పడానికే కూర్చున్నాను. నేను చదివింది ఏడో తరగతి. రాసేటప్పుడు తప్పులుంటే దిద్దండి. చేసిన తప్పును మాత్రం ఎవరూ దిద్దవద్దు, అది ఉన్నట్టే ఉండాలి.

మాది మర్కూక్ దగ్గర ఊరు. మా ఊళ్లో ఆడవాళ్లకు నాటు వేయడం, కలుపు తీయడం వచ్చు. బీడీలు చుట్టడం రాదు. సిద్దిపేటలో మా అత్తగారి వాడ మొత్తం బీడీల మీద బతికే వాడ. ఇక్కడ పిల్లను చూడడానికి వస్తే వంట వచ్చా అని తర్వాత అడుగుతారు, బీడీలు వచ్చా అని ముందు అడుగుతారు. నన్ను చూడవచ్చినప్పుడు కూడా అడిగారు. మా అమ్మ తల వంచుకుని, "అస్తయి" అన్నది. రావు. సంబంధం మంచిది, పోగొట్టుకోవద్దని అన్నది. ఆ అబద్ధం మూటగట్టుకుని నేను ఈ ఇంటికి వచ్చాను.

వచ్చిన మూడో రోజు అత్తమ్మ నా ఒడిలో చాట పెట్టింది. ఒక పక్క కత్తిరించిన ఆకు, ఒక పక్క తంబాకు, ఎర్ర దారం ఉండ. అరుగు మీద ఇంకో ముగ్గురు ఆడవాళ్లు కూర్చున్నారు. వాళ్లు మాట్లాడుకుంటూనే చుడుతున్నారు, వేళ్ల వైపు చూడను కూడా చూడడం లేదు. నేను చుట్టిన మొదటి బీడీ పైన లావు, కింద సన్నం. దారం కట్టేలోపే విచ్చుకున్నది. అత్తమ్మ దాన్ని తీసుకుని వెలుతురుకు పట్టి చూసింది. ఆమె వంగి, నా చెవికి మాత్రమే వినపడేట్టు, "గిది బీడీనా పిల్లా, ముడుపు మూటనా" అన్నది. తర్వాత మిగతావాళ్ల వైపు తిరిగి, మా కోడలు ఆకు మంచిగా కత్తిరిస్తది, ఆమెకు గా పని ఇస్తా, నాకు చెయ్యి గుంజుతున్నది అన్నది. ఆమె చెయ్యి ఏమీ గుంజడం లేదు. ఆ రోజు నుంచి ఆరు నెలల దాకా, నాకు చుట్టడం రాదని ఆ అరుగు మీద ఎవరికీ తెలియనివ్వలేదు. మా అమ్మ చెప్పిన అబద్ధాన్ని ఆమె కొంగు కింద దాచింది. నన్ను తన మనిషిని చేసుకోవడానికి దాచింది. తర్వాత నేను చెప్పిన అబద్ధం ఎందుకో మీరు చదువుతారు. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసుకోవడానికి నాకు ఇరవై రోజులు పట్టింది.

మా అరుగు మీద ఒక పద్ధతి ఉంది. బీడీలు చుట్టేటప్పుడు ఒకరు ఏదో ఒకటి చెప్తూ ఉండాలి. ఊరి సంగతో, పాటో, ఎవరింట్లో ఏమైందో. మాట నడుస్తుంటే చెయ్యి నడుస్తుంది, మాట ఆగితే చెయ్యి ఆగుతుంది అంటారు అక్కడ. చుట్టేవాళ్లు నలుగురూ మాట్లాడితే పని సాగదు కాబట్టి, పని తక్కువ ఉన్నామె చెప్పాలి. అంటే ఆకు కత్తిరించే నేను. నాకా నలుగురిలో నోరు తెరవడమే భయం. అత్తమ్మ, "చేతికి పని తక్కువుంటే నోరన్న నడుపు బిడ్డా. మాకు నిద్రొస్తుంది" అని నవ్వింది. అందరూ నవ్వారు. నేను లేచి ఇంట్లోకి పోయాను. ఏడుపు వచ్చింది. గోడకు పాత క్యాలెండర్ ఉంటే ఒక కాగితం చింపి, వెనకాల నాకు తోచింది నాలుగు వరుసలు రాశాను. మాట్లాడడం రాదు కానీ చదవడం వచ్చు కదా అనుకున్నాను. బయటికి వచ్చి కాగితం ముఖానికి అడ్డం పెట్టుకుని చదివాను. నాటు వేసే ఆడవాళ్లు పొద్దంతా వంగి ఉంటే, చుట్టూ చేరిన కొంగలు వాళ్లను తమ వాళ్లే అనుకుంటాయి, అందుకే భయపడవు, పొద్దుగూకినాక వాళ్లు నడుం ఎత్తి నిలబడితేనే ఉలిక్కిపడి ఎగిరిపోతాయి అని. అంతే.

చదవడం అయినాక కూడా నేను కాగితం దించలేదు.

"మల్లొకసారి సదువు" అన్నది అత్తమ్మ.

బడిలో మా సారు కూడా నాతో మళ్లీ చదవమనేవాడు. వినపడలేదని, గట్టిగా చదవమని. వినపడినాక కూడా మళ్లీ చదవమన్న మనిషి ఈమె మొదటిది. రెండోసారి చదివినప్పుడు కాగితం కొంచెం కిందికి దించాను. నలుగురి చేతులూ ఆగి ఉన్నాయి. మాట నడుస్తుంటే చేతులు ఆగడం ఆ అరుగు మీద అదే మొదటిసారట. తర్వాత ఆమె దీని గురించి అందరికీ ఫిర్యాదు లాగా చెప్పుకునేది, మా కోడలు కాగితం తీస్తే కట్టలు తక్కువైతయి అని.

వారం తిరిగేసరికి పాత సామాన్ల కొట్టు నుంచి ఒక నోటు పుస్తకం తెచ్చింది. ముందు సగం ఎవరో పిల్లలు చేసిన లెక్కలు, ఎర్ర సిరాతో తప్పు గుర్తులు. వెనక సగం ఖాళీ. ఆమెకు చదువు రాదు కాబట్టి తలకిందులుగా పట్టుకుని ఇచ్చింది. నేను అట్లనే అటువైపు నుంచి రాయడం మొదలుపెట్టాను. ఇప్పటికీ ఆ పుస్తకం అట్లనే ఉంది, ఒక వైపు నుంచి తెరిస్తే లెక్కలు, ఇంకో వైపు నుంచి తెరిస్తే నేను.

పొద్దుగూకే వేళ, చుట్టిన బీడీలు కట్టలు కట్టేటప్పుడు, ఆమె రోజూ ఒకటే అడిగేది. "ఇయాల ఏం జూసినవ్?" ఏం చేసినవ్ అని కాదు. చేసింది ఎదురుగానే ఉంది. మొదట్లో నేను ఏమీ చూడలేదు అనేదాన్ని. కండ్లు దేనికున్నయి మరి అనేది. మెల్లమెల్లగా ఒకటి రెండు చెప్పసాగాను. కోడిపుంజు తన నీడను తానే పొడవడం. బస్సెక్కినామె కిటికీలోంచి ఎవరికోసమో వెతికి, ఎవరూ లేక తనకు తానే చెయ్యి ఊపుకోవడం. ఆమె విని ఊ కొట్టేది. బాగుంటే, గది రాసుకో అనేది. బాగా లేకుంటే దారం తెంపుతూ ఊరుకునేది. ఆ ఊరుకోవడం నాకు పరీక్ష లాగా ఉండేది.

ఒక రోజు, ఇవాళ నన్ను నేను చూసుకున్నాను అన్నాను. ఆ పొద్దున నేను చుట్టిన బీడీలలో సగానికి పైగా కార్ఖానలో పక్కకు తీసేశారు. అప్పటికి పెళ్లై ఎనిమిది నెలలు.

"ఏం కనవడ్డది?"

"ఏం రానిదాన్ని కనవడ్డ."

ఆమె, చాటలో నేను చుట్టి పాడుచేసిన బీడీ ఒకటి తీసుకుని దారం విప్పింది. ఆకును పక్కన పెట్టి, తంబాకును అరచేతిలో పోసుకుని నా ముక్కు దగ్గర పెట్టింది. నాకు తుమ్ము వచ్చింది.

"తంబాకు పాడైందా? పాడుగాలే. సుట్టుడు కుదర్లే, గంతే. మల్ల సుట్టుకోవచ్చు" అని ఆ తంబాకును మళ్లీ చాటలో వేసింది. "నువ్వు గూడ గంతే."

నాకు చదువు చెప్పిన వాళ్లు ఎవరూ నా గురించి ఇంత చిన్న మాటలో ఇంత నమ్మకంగా చెప్పలేదు. ఆ రోజు రాసుకున్న వరుసల్లో మొదటిసారి "నేను" అనే మాట రాశాను. అంతకుముందు అన్నీ కొంగలూ కోడిపుంజులే.

ఆమె అంత మెత్తటి మనిషేమీ కాదు. నేను చాయ పలచగా పెడితే, గిండ్ల ముఖం చూసుకోవచ్చు అనేది. మా ఆయన ప్రజ్ఞాపూర్ చౌరస్తాలో టైర్ల కొట్టులో పనిచేస్తాడు, పొద్దున్నే బస్సుకు పోతాడు. ఆయనకు డబ్బా కట్టడం ఆలస్యమైతే వీధి చివరి దాకా వినపడేట్టు అరిచేది. నా కవితలు నచ్చకపోతే కూడా మొహం మీదనే చెప్పేది. ఒకసారి చందమామ గురించి రాస్తే, "గది నువ్వు జూసింది గాదు, ఎవరో జెప్పింది" అన్నది. నిజమే. చింపేశాను.

ఇప్పుడు, సభలో మీరు చప్పట్లు కొట్టిన ఆ వాక్యం సంగతి చెప్పాలి.

పోయిన చలికాలం రేషన్ కొట్టు దగ్గర మిషన్ ఆమె వేలిముద్ర తీసుకోలేదు. బొటనవేలు పెట్టింది, చూపుడువేలు పెట్టింది, పది వేళ్లూ పెట్టింది. కొంగుతో తుడిచి పెట్టింది, నెత్తికి రాసుకుని నూనె అంటించి పెట్టింది. నలభై ఏళ్లు ఆకు రుద్ది రుద్ది ఆమె వేళ్ల కొసలు గాజు లాగా నున్నగా అయిపోయాయి. వెనక లైనులో వాళ్లు విసుక్కుంటున్నారు. కొట్టాయన, నీకు ముద్రలే లేవమ్మా, కొడుకును తోలు అన్నాడు. ఖాళీ సంచితో ఇంటికి వచ్చి, అరుగు మీద కూర్చుని, రెండు చేతులు ఎదురుగా పెట్టుకుని చూసుకున్నది. ఏడుస్తుందనుకున్నాను. నవ్వింది.

"దానికేం ఎరుక? నా ఏళ్ల గీతలన్ని బీడీలల్ల సుట్టి అమ్ముకున్న. ఇంకేడియి?"

నేను పుస్తకం తెచ్చుకుని అప్పుడే రాసుకున్నాను. నాలుగు రోజులు దాని ముందూ వెనకా కొన్ని వరుసలు కట్టాను.

రేషన్ మిషను నా వేలును చూసి
నువ్వెవరో తెల్వదన్నది.
దానికేం ఎరుక?
నా ఏళ్ల గీతలన్ని
బీడీలల్ల సుట్టి అమ్ముకున్న.

ఇంకా ఉంది, కానీ మీకు గుర్తున్నది ఇదే. చదివి వినిపిస్తే ఆమె చాట పక్కకు జరిపి దగ్గరికి వచ్చింది. "నా మాట ఏడున్నది గిండ్ల?" అని అడిగింది. వేలు పెట్టి చూపించాను. ఇక్కడి నుంచి ఇక్కడి దాకా. ఆమె తన వేలితో ఆ వరుస మీద ఎడమ నుంచి కుడికి మెల్లగా పోయింది. గింతేనా, నేను శాన పెద్దగ అన్న గద అన్నది. కాగితం మీద చిన్నగనే ఉంటది అత్తమ్మా అన్నాను. సరే అని లేచి ఆకు తడపడానికి పోయింది.

గ్రంథాలయంలో ఆడవాళ్లు కవితలు చదువుతారని ఆమెకు కార్ఖానలో ఎవరో చెప్పారు. నేను రాను అన్నాను. ఆమె వినలేదు. మేమిద్దరం ముందుగా ఒకసారి పోయి పేరు ఇచ్చి వచ్చాం. నిజానికి ఆమె బయట చెప్పుల దగ్గర నిలబడింది, నన్ను లోపలికి తోసింది. సభ నాడు నాకు తన పెట్టెలోని జరీ అంచు చీర ఇచ్చింది. తాను ఆకుపచ్చ చీర కట్టుకున్నది. పోయే ముందు నిమ్మచెక్కతో, సబ్బుతో, మళ్లీ నిమ్మచెక్కతో చేతులు రుద్దుకుంది. తంబాకు వాసన బట్టలకు అంటింది కాదు, ఒంటిలోకి పోయింది. రుద్దితే పోదు. నేను కూడా ఆ ఇంటిదాన్నే, నాకు ఆ వాసన తెలియదు. పైగదిలోకి పోయి కూర్చున్నాక తెలిసింది. మా పక్క కుర్చీలో ఉన్నామె చేతిసంచీ అటువైపు పెట్టుకుని, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

ఆ పక్క కుర్చీలో కూర్చున్న అక్క ఈ సంచిక చదువుతుంటే బాధపడవద్దు. మీరు కొంగే అడ్డం పెట్టుకున్నారు. నేను చేసింది దానికంటే ఎక్కువ.

సభ నడిపే మేడం మా దగ్గరికి వచ్చింది. ఎంతో ప్రేమగా నా పేరు అడిగి, తర్వాత అత్తమ్మ వైపు చూసి, ఈమె ఎవరమ్మా అన్నది. అందరి చీరలూ ఇస్త్రీ చీరలు. అత్తమ్మ చేతులు ఒడిలో ఉన్నాయి, వేళ్ల సందుల్లో గోధుమ రంగు.

"మా పక్కింటామె మేడం. తోడొచ్చింది" అన్నాను.

నోట్లోంచి వచ్చేసింది అని చెప్పుకుందామని ఎన్నిసార్లు అనుకున్నానో. రాలేదు. ఆలోచించే అన్నాను. మేడం అడగడానికీ నేను చెప్పడానికీ మధ్య ఆలోచించేంత సమయం ఉంది.

అత్తమ్మ నా ముఖంలోకి చూసింది. ఒక్క క్షణమే. తర్వాత మేడం వైపు తిరిగి, "అవునమ్మా. పక్కపొంటి ఇల్లే. ఈ పిల్లకు సిగ్గెక్కువ, ఒక్కతి రాదు" అన్నది. మేడం నవ్వి ముందుకు పోయింది. అప్పుడు అత్తమ్మ లేచి ఒక కుర్చీ అవతలికి జరిగి కూర్చుంది. మా మధ్య ఒక ఖాళీ కుర్చీ మిగిలింది. పక్కింటామె కూర్చునేంత దూరం.

నేను చదివాను. ఆ వరుస దగ్గర మీరంతా చప్పట్లు కొట్టారు. చదవడం అయిపోయాక మేడం మైకు తీసుకుని, ఈ వేళ్ల గీతల ఊహ నీకెట్లా వచ్చిందమ్మా అని అడిగింది. ఎదురుగా, రెండో వరుసలో, ఆ ఊహ కూర్చుని ఉంది. ఊరికే తట్టింది మేడం అన్నాను. అందరికంటే ఎక్కువసేపు చప్పట్లు కొట్టింది ఆమె. ఆ నున్నటి చేతుల చప్పుడు వేరేగా ఉంటుంది, ఎండిన ఆకు మీద ఆకు తట్టినట్టు. మిగతా చప్పట్లు ఆగినాక కూడా అది వినపడింది.

ఆటోలో ఇంటికి వచ్చేటప్పుడు ఆమె అన్నది ఒకటే. "మైకు ముందట నీ గొంతు వణకలే పిల్లా." పొద్దుగూకినాక ఎప్పటిలాగే కట్టలు కట్టింది. ఎప్పటిలాగే ఇవాళ ఏం చూసినవ్ అని అడిగింది. నేను తల ఎత్తలేదు. ఆమె దారం తెంపుతూ ఊరుకున్నది. తిడుతుందని ఆ రాత్రి ఎదురుచూశాను, మర్నాడు ఎదురుచూశాను. వీధి చివరి దాకా వినపడేట్టు తిట్టినా బాగుండేది.

అక్కడితో అయిపోతే నేను ఇది రాసేదాన్ని కాదేమో. పది రోజుల తర్వాత మేడం సభలో దిగిన ఫొటో ఇవ్వడానికి మా వాడకు వచ్చింది. నేను లోపల ఉన్నాను. అత్తమ్మ మా గుమ్మం ముందే అరుగు మీద చాట పెట్టుకుని కూర్చుంది. మేడం ఆమెను గుర్తుపట్టి, మీ పక్కింటి కవయిత్రి ఇల్లు ఏదమ్మా అని అడగడం నాకు వినపడింది.

"గిదేనమ్మా. లోపటున్నది, పిలుస్త ఉండు" అన్నది అత్తమ్మ. తన ఇంటి గుమ్మం లోపలికి, తన కోడలిని, వేరే ఇంటి దాని లాగా బయటి నుంచే పిలిచింది. తర్వాత చాట ఎత్తుకుని పోయి పక్కింటి అరుగు మీద కూర్చుంది. పక్కింటివాళ్లు ఆ రోజు దుబ్బాకకు పోయారు, తలుపుకు తాళం ఉంది. తాళం వేసిన గుమ్మం ముందు ఆమె బీడీలు చుట్టుకుంటూ కూర్చుంది.

నేను మేడంకు చాయ పెట్టి ఇచ్చాను. మేడం ఇల్లంతా చూసి, మీ అత్తగారు లేరా, రాసుకుంటే ఏమీ అనరా అని అడిగింది. కిటికీలోంచి ఆకుపచ్చ చీర కొంగు కనపడుతున్నది. ఊరికి పోయింది మేడం అన్నాను.

మేడం పోయినాక ఆమె చాటతో తిరిగి వచ్చింది. చాయ తాగిందా అని అడిగింది. "సక్కెర ఎక్కువెయ్యలే గద? సదువుకున్నోళ్లు తక్కువ తాగుతరు." నేను "అత్తమ్మా" అని మాత్రం అనగలిగాను. ఆమె, "ఆకు తీస్కరా బిడ్డా, పొద్దువోతుంది" అన్నది. నేను ఆకు తెచ్చాను. నేనెందుకు ఆగిపోయానో మీకు తెలుసా? ఆమె మాట మార్చినందుకు నాకు హాయిగా అనిపించింది. అన్నిటికంటే నాకు ఎక్కువ సిగ్గుగా ఉన్నది అదే.

వచ్చే సభలో మైకులోనే చెప్తాను, ఆమెను ముందు వరుసలో కూర్చోబెట్టి చెప్తాను అనుకున్నాను. కవిత కూడా రాసి పెట్టుకున్నాను. ఆ సభ వానలకు వాయిదా పడింది. ఇంట్లో చెప్పొచ్చు కదా. అరుగు మీద, చాట పక్కన, ఎప్పుడైనా చెప్పొచ్చు. కానీ నాకు మైకు కావాలనిపించింది.

దగ్గు ఆమెకు ఎప్పుడూ ఉండేదే. ఈసారి తగ్గలేదు. దవాఖానలో ముక్కుకూ నోటికీ గాలి గొట్టం పెట్టారు. మూడో రోజు మధ్యాహ్నం నర్సమ్మ కాగితం పట్టుకుని వచ్చి, నీ దగ్గర ఉన్నామె నీకేమైతది అవ్వా అని అడిగింది. అత్తమ్మ గొట్టం కొంచెం పక్కకు తీసి, ఊపిరి కూడదీసుకుంది.

"గీమెనా? మా పక్కింటి పిల్ల. మంచిగ రాస్తది."

నర్సమ్మ రాసుకోబోయింది. నేను మంచం కంబీ పట్టుకుని నిలబడ్డాను. కిందికి చూడడం తప్ప నాకు వేరే దారి లేదు. అత్తమ్మ కండ్లలో నవ్వు ఉంది. దగ్గు ఆగినాక, "కోడలమ్మా, కోడలు. కోడలని రాస్కో" అన్నది. ఆ తర్వాతే నన్ను ఇంటికి పోయి ఆకు నానబెట్టమన్నది. ఆ పక్కింటి పిల్ల అన్న మాట ఎత్తిపొడుపో, సరదానో, ఇక చాలు పిల్లా మరిచిపో అనడమో నాకు తెలియదు. అడగడానికి పొద్దున పోదామనుకున్నాను.

పదకొండో రోజు మేడం పరామర్శకు వచ్చింది. మా అత్తగారు చనిపోయిందని ఎవరో చెప్పారట. గుమ్మం దాటి, గోడకు దండ వేసిన ఫొటో చూసి ఆగిపోయింది. ఫొటో చూసింది, నన్ను చూసింది. నేను ఏమీ దాచదలుచుకోలేదు. ఈమే మా అత్తమ్మ మేడం, ఆ రోజు వచ్చింది ఈమే, ఆ వేళ్ల గీతల మాట కూడా ఈమెదే అన్నాను. మేడం ఫొటో ముందు చేతులు జోడించి, పోయేటప్పుడు, "జరిగింది జరిగినట్టు రాయి. నీ కోసం కాదు, ఆమె కోసం" అన్నది.

రాయడం అయినాక నిన్న మా ఆయనకు చదివి వినిపించాను. సంచికలో చూసి తెలుసుకోవడం కంటే నా నోటితో వినాలని. ఆయన గోడకు ఆనుకుని మొత్తం విన్నాడు. కోప్పడితే పడనీ అనుకున్నాను.

"నాకెరుకే" అన్నాడు. "సభకాంచి అచ్చిన్నాడే అవ్వ జెప్పింది. మందిని జూసి పిల్ల బుగులువడ్డది, నువ్వేం అనకు అన్నది."

అంటే ఆ ఇంట్లో అన్ని నెలలూ ఇద్దరు మనుషులకు తెలుసు. ఇద్దరూ నాతో ఎప్పటిలాగే ఉన్నారు.

ఆ కవిత కింద ఆమె మాట ఆమెదని అచ్చు వేయమని మేడంను అడిగాను, వేస్తామన్నది. అచ్చుకు ఇవ్వడానికి ఇవాళ నోటు పుస్తకం తీశాను. ఆ పేజీ చాలా రోజులుగా తెరవలేదు నేను. తెరిస్తే, ఆ వరుస మీద ఎడమ నుంచి కుడికి గోధుమ రంగు మరకలున్నాయి. ఆ రోజు నేను చూపించినప్పుడు ఆమె వేలు పెట్టింది ఒక్కసారే. ఇవి ఒక్కసారివి కావు. ఒకదాని మీద ఒకటి, కొన్ని ఎండి పాతబడ్డవి, కొన్ని ఇంకా తంబాకు వాసన వస్తున్నవి. నేను నీళ్లకు పోయినప్పుడో, వంట చేస్తున్నప్పుడో, చదువు రాని మనిషి పుస్తకం సరైన వైపు నుంచి తెరిచి, సరైన పేజీ వెతుక్కుని, తన మాట మీద వేలు పెట్టుకుని పోయింది. కిటికీ దగ్గర వెలుతురుకు పట్టి చూశాను. వేలి ఆకారం నిండుగా ఉంది, లోపల ఒక్క గీత లేదు.